ఏడో పేరు

2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌కు అమెరికా పురుషుల జిమ్నాస్టిక్స్ జట్టులో ఆరుగురికి చోటు దక్కింది. పాల్ హామ్, అతని కవల సోదరుడు మోర్గాన్ హామ్, బ్రెట్ మెక్‌క్లూర్, బ్లెయిన్ విల్సన్, జేసన్ గాట్సన్, గార్డ్ యంగ్. ఆ జాబితా కింద స్టాండ్‌బైలుగా మరో రెండు పేర్లున్నాయి. వాటిలో ఒకటి రాజ్ భావ్‌సర్. భారతీయ దంపతులకు 1980లో హ్యూస్టన్‌లో పుట్టిన కుర్రాడు. 2001లో ప్రపంచ చాంపియన్‌షిప్‌లో రజతం నెగ్గిన జట్టులో ఉన్నాడు. 2003లో మళ్లీ రజతం నెగ్గిన జట్టులోనూ ఉన్నాడు. ఒలింపిక్స్ వచ్చేసరికి మాత్రం ఆరుగురిలో లేడు. ఏథెన్స్‌లో అమెరికా పురుషులు ఇరవై ఏళ్ల తర్వాత జట్టు పతకం సాధించి రజతం మెడలో వేసుకున్నారు. ఆ ఆరు పతకాల్లో అతనికి వాటా లేదు.

అతను ప్రతిభలో తక్కువవాడేమీ కాదు. మరి ఎందుకు ఆగిపోయాడు? జిమ్నాస్టిక్స్ చరిత్రలో ఈ ప్రశ్నకు జవాబు వెతికితే, ఆటగాడి కండల్లో కన్నా ఆనాటి నిబంధనల పుస్తకంలోనే ఎక్కువగా దొరుకుతుంది. ఏ కాలంలో ఎవరు గుమ్మం దాటారో, ఎవరు గుమ్మం దగ్గరే నిలిచిపోయారో చూస్తే, ప్రతి తరాన్నీ ఆ తరం నిబంధనే రెండుగా చీల్చినట్టు కనిపిస్తుంది. భారతదేశం కథ కూడా ఇందులో భాగమే. అందులో మన హైదరాబాద్ అమ్మాయి కథ కూడా ఉంది.

భావ్‌సర్ కాలం నాటి లెక్కను కాస్త దగ్గరగా చూడాలి. పురుషులకు ఆరు విభాగాలు: ఫ్లోర్, పామెల్ హార్స్, రింగ్స్, వాల్ట్, పారలల్ బార్స్, హారిజాంటల్ బార్. ఏథెన్స్ జట్టు ఫైనల్లో ఒక్కో విభాగంలో ముగ్గురే దిగాలి, ముగ్గురి మార్కులూ లెక్కలోకి వస్తాయి. అంటే ఫైనల్ మొత్తానికి 18 ప్రదర్శనలు. ఒక్కరు జారిపడ్డా ఆ మార్కును పక్కన పెట్టే వీలు లేదు. అంతకుముందు ఎక్కువమంది దిగేవారు, అందరికన్నా తక్కువ మార్కును వదిలేసేవారు. ఆ పద్ధతిలో అన్ని విభాగాల్లోనూ నిలకడగా ఆడేవాడికి విలువ ఎక్కువ. కొత్త పద్ధతి వచ్చాక ఎంపిక కమిటీ చూసే చూపే మారిపోయింది. పామెల్ హార్స్‌లో మనకు మూడోవాడు ఎవరు? హారిజాంటల్ బార్‌లో ఎవరి మార్కు అర పాయింటు పెంచుతుంది? ఈ ఖాళీలు పూడ్చేవాడు కావాలి. మొత్తం మీద మంచివాడైనా, ఆ ఖాళీలో సరిగ్గా కూర్చోకపోతే అతని పేరు ఏడోదవుతుంది.

జట్టు పరిమాణం కూడా స్థిరంగా ఉన్నది కాదు. 1952 హెల్సింకీలో ఒక దేశం ఎనిమిది మందిని దించవచ్చు. ఆ తర్వాత చాలాకాలం ఆరుగురు. 1996 అట్లాంటాలో ఏడుగురు. 2000 సిడ్నీలో మళ్లీ ఆరుగురు. 2012 లండన్, 2016 రియోలలో ఐదుగురు. టోక్యోలో నలుగురికి దిగింది, వ్యక్తిగతంగా అర్హత పొందినవారు అదనం. 2024 పారిస్‌లో తిరిగి ఐదుగురు. అట్లాంటా నాటి పద్ధతే ఉండి ఉంటే 2004లో భావ్‌సర్ ఏడోవాడిగా జట్టులో ఉండే అవకాశం గట్టిగా ఉండేది. ఒక కుర్చీ తీసేస్తే ఒక మనిషి జీవితం మారిపోతుంది. ఆ కుర్చీ తీసినవాళ్లకు ఆ మనిషి పేరు కూడా తెలియకపోవచ్చు.

ఒక దేశం నుంచి ఫైనల్‌కు ఎంతమంది వెళ్లవచ్చన్న పరిమితి ఇంకో కత్తెర. పెద్ద దేశాలే పతకాలన్నీ పట్టుకుపోకుండా పెట్టిన నిబంధన అది. ఉద్దేశం మంచిదే. 1992లో బార్సిలోనాలో అది చేసిన పని మాత్రం ఇప్పటికీ మనసును కలిచివేస్తుంది.

సోవియట్ యూనియన్ అప్పటికి విడిపోయింది. దాని క్రీడాకారుల్లో చాలామంది ఉమ్మడి జట్టు పేరుతో చివరిసారి కలిసి ఆడారు. మహిళల జట్టులో స్వెత్లానా బొగిన్స్కయా, తత్యానా లిసెంకో, తత్యానా గుత్సు, రోజా గాలియేవా, ఎలేనా గ్రుద్నేవా, ఒక్సానా చుసోవితినా ఉన్నారు. జట్టు స్వర్ణం వాళ్లదే. అన్ని విభాగాల మార్కులూ కలిపే ఆల్‌రౌండ్ ఫైనల్‌కు ఒక దేశం నుంచి ముగ్గురికే అవకాశం. అందరూ ఆశలు పెట్టుకున్న గుత్సు బీమ్ మీద నుంచి పడిపోయింది. పడిపోతే మార్కులు కోసేస్తారు, ఆ కోతతో జట్టులో నాలుగో స్థానానికి జారింది. మూడో స్థానంలో నిలిచి ఫైనల్‌కు అర్హత పొందింది గాలియేవా. ఫైనల్ రోజున బరిలోకి దిగింది మాత్రం గుత్సు. గాలియేవాకు మోకాలి గాయమని ప్రకటించారు. ఆ గాయం మాటను చాలామంది నమ్మలేదు.

గుత్సు 39.737 మార్కులతో స్వర్ణం గెలిచింది. అమెరికా అమ్మాయి షానన్ మిల్లర్‌కు 39.725. తేడా 0.012. వెంట్రుకవాసి అంటే ఇదే. ఆ వెంట్రుక వెనకాల, తాను సంపాదించుకున్న చోటును వదులుకున్న అమ్మాయి నిలబడి ఉంది. గాలియేవా నాలుగేళ్ల తర్వాత అట్లాంటాలో రష్యా తరఫున ఆడింది. 1992 ఆల్‌రౌండ్ ఫైనలిస్టుల జాబితాలో ఆమె పేరు మాత్రం ఎన్నటికీ చేరదు.

2000 తర్వాత ఆ ముగ్గురు కాస్తా ఇద్దరయ్యారు. 2000లో పోటీ ముగిసిన రోజున రుమేనియా అమ్మాయిలు ముగ్గురూ ఆల్‌రౌండ్‌లో మొదటి మూడు స్థానాల్లో నిలిచారు. 2004 నుంచి దేశానికి ఇద్దరే. 2012 లండన్‌లో దాని దెబ్బ జోర్డిన్ వీబర్‌కు తగిలింది. ఆమె అప్పటికి ప్రపంచ ఆల్‌రౌండ్ చాంపియన్. అర్హత పోటీలో ప్రపంచమంతటిలో నాలుగో స్థానం. అయినా ఫైనల్‌కు వెళ్లలేదు, ఎందుకంటే ఆమె ముందున్న ముగ్గురిలో ఇద్దరు అమెరికన్లే: అలీ రైస్మన్, గాబీ డగ్లస్. ఆమె కన్నా ఎంతో వెనకబడినవాళ్లు ఇరవై మంది ఫైనల్లో ఆడుతుంటే ప్రపంచ చాంపియన్ బయట నిలబడింది. దీన్ని న్యాయమనడం కష్టం. చిన్న దేశాల అమ్మాయిలకు దారి తెరిచేది ఇదే నిబంధన కాబట్టి అన్యాయమని తేల్చేయడమూ కష్టమే.

మైకేలా స్కిన్నర్‌ది దాదాపు ఇదే బాధ, ముగింపు మాత్రం వేరు. 2016లో శాన్ హోసేలో జరిగిన అమెరికా ట్రయల్స్‌లో ఆల్‌రౌండ్ నాలుగో స్థానం ఆమెది. జట్టులో ఐదుగురు. మామూలుగా లెక్కేస్తే ఆమె ఉండాలి. కానీ జట్టుకు అన్‌ఈవెన్ బార్స్‌లో బలం కావాల్సి వచ్చింది. ట్రయల్స్‌లో ఆమె కన్నా వెనక నిలిచిన మాడిసన్ కోషన్‌ను, గాబీ డగ్లస్‌ను తీసుకున్నారు. కోషన్ రియోలో బార్స్ మీద రజతం తెచ్చింది కాబట్టి కమిటీ లెక్క తప్పలేదు. స్కిన్నర్ మాత్రం స్టాండ్‌బైగా మిగిలింది. ఆమె యూటా విశ్వవిద్యాలయం జట్టుకు వెళ్లి, మూడేళ్లు కాలేజీ పోటీలు ఆడి, మళ్లీ వచ్చింది. టోక్యోలో వాల్ట్ అర్హత పోటీలో నాలుగోది. అక్కడా ఇద్దరి నిబంధన అడ్డం పడింది, సిమోన్ బైల్స్, జేడ్ కేరీ ఆమె ముందున్నారు. ఇంటికి బయల్దేరే ఏర్పాట్లలో ఉండగా బైల్స్ వాల్ట్ ఫైనల్ నుంచి తప్పుకుంది. ఆ ఖాళీలో స్కిన్నర్ దిగి రజతం గెలిచింది.

స్టాండ్‌బై జీవితం గురించి క్రీడా పేజీల్లో పెద్దగా రాయరు. జట్టుతో పాటే శిక్షణ, అదే తిండి, అదే నిద్రవేళలు. రోజూ ఒలింపిక్స్ ఆడబోతున్నట్టే సాధన చెయ్యాలి, ఎందుకంటే ఎవరైనా గాయపడితే ఆఖరి నిమిషంలో కూడా పిలుపు రావచ్చు. పిలుపు రాకపోతే పోటీ రోజున ప్రేక్షకుల్లో కూర్చుని చూడాలి. తన తోటివాళ్లు గాయపడాలని ఎవరూ కోరుకోరు, కానీ వాళ్లు గాయపడితేనే తన వంతు వస్తుంది. ఇరవై ఏళ్ల వయసులో ఆ రెండు నిజాలనూ ఒకే మనసులో మోయాలి. టోక్యోకు అమెరికా నలుగురు స్టాండ్‌బైలను తీసుకెళ్లింది. చీబా దగ్గర ఇన్జాయ్‌లో శిక్షణ శిబిరం. అక్కడ కారా ఈకర్‌కు కోవిడ్ తేలింది, ఆమెతో పాటు లియాన్ వాంగ్ కూడా ఒంటరిగా గదిలో ఉండిపోవాల్సి వచ్చింది. మిగిలిన ఇద్దరు కైలా డిచెల్లో, ఎమ్మా మలబుయో. ఈ మలబుయో పేరు గుర్తుంచుకోవాలి, ఇంకాసేపట్లో మన కథలోకి వస్తుంది.

భావ్‌సర్ దగ్గరికి మళ్లీ వెళ్దాం. నాలుగేళ్లు గడిచాయి. 2008 బీజింగ్ జట్టు ప్రకటించినప్పుడు ఇంకోసారి స్టాండ్‌బై. వరసగా రెండో ఒలింపిక్స్‌లో గుమ్మం దగ్గరే ఆపేశారు. చాలామంది అక్కడితో గ్రిప్‌లు విప్పేసి సంచిలో పడేస్తారు. అతను సాధన మానలేదు. ఏథెన్స్ ఆల్‌రౌండ్ చాంపియన్ పాల్ హామ్ మే నెలలో జాతీయ పోటీల్లో చేతి ఎముక విరగ్గొట్టుకున్నాడు, కోలుకుంటాడన్న నమ్మకంతో జట్టులోనే ఉంచారు. కోలుకోలేదు. జులై 28న తప్పుకున్నాడు. ఆ చోటు భావ్‌సర్‌కు దక్కింది. ప్రారంభోత్సవానికి సరిగ్గా ముందు రోజు, ఆగస్టు 7న, చీలమండ గాయంతో మోర్గాన్ హామ్ కూడా తప్పుకున్నాడు. ఆ చోటులోకి మరో స్టాండ్‌బై సాషా ఆర్తెమెవ్ వచ్చాడు.

హామ్ సోదరులు లేని ఆ జట్టుకు ఎవరూ పతకం ఆశించలేదు. ఆగస్టు 12న జరిగిన ఫైనల్లో చైనా, జపాన్ తర్వాత మూడో స్థానం అమెరికాదే. చివరి విభాగం పామెల్ హార్స్, చివరి ఆటగాడు ఆర్తెమెవ్. జర్మనీని వెనక్కి నెట్టి కాంస్యాన్ని ఖాయం చేసింది ఆ చివరి ప్రదర్శనే. మొదటి జాబితాలో లేని ఇద్దరు కుర్రాళ్లు పతక వేదిక ఎక్కారు. భావ్‌సర్ ఆ తర్వాత సర్క్ దు సొలేల్ సర్కస్ ప్రదర్శనల్లో చేరాడు.

భారతీయ మూలాలున్న మరో అమెరికన్ మోహిని భరద్వాజ్‌ది కూడా ఇలాంటి ఓపికే. తండ్రి భారతీయుడు, తల్లి రష్యన్. 1996 జట్టులో ఆమె పేరు లేదు, 2000 జట్టులోనూ లేదు. 2004 నాటికి ఆమెకు పాతికేళ్లు, మహిళల జిమ్నాస్టిక్స్‌లో అది అవ్వ వయసు కింద లెక్క. శిక్షణ ఖర్చుల కోసం పిజ్జాలు డెలివరీ చేసింది. నటి పమేలా ఆండర్సన్ 20,000 డాలర్లు ఇచ్చి ఆదుకుంది. ఏథెన్స్‌లో జట్టు కెప్టెన్ హోదాలో వెళ్లింది. ఫైనల్లో కోర్ట్నీ కుపెట్స్ దిగలేని స్థితిలో ఉంటే, అప్పటికప్పుడు ఆమె బదులు బీమ్ ఎక్కి ప్రదర్శన పూర్తి చేసింది. జట్టుకు రజతం.

ఇక మన దేశం. స్వతంత్ర భారతం 1952 హెల్సింకీకి ఇద్దరు జిమ్నాస్ట్‌లను, 1956 మెల్‌బోర్న్‌కు ముగ్గురిని, 1964 టోక్యోకు ఆరుగురిని పంపింది. అంతా మగవాళ్లే, మొత్తం పదకొండు మంది. అప్పట్లో అర్హత పోటీల గొడవ ఇంత లేదు, జాతీయ సంఘం పేర్లు పంపితే వెళ్లడమే. ఆ తర్వాత ప్రపంచ సమాఖ్య గుమ్మం కట్టింది, గుమ్మానికి కొలతలు పెట్టింది. ఆ కొలతలకు తూగి లోపలికి వెళ్లడానికి మనకు యాభై రెండేళ్లు పట్టింది. 2010లో ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడల్లో ఆశిష్ కుమార్ రజతం, కాంస్యం తెచ్చి ఆశ పుట్టించాడు. ఒలింపిక్స్ మాత్రం అతనికి అందలేదు.

ఆ యాభై రెండేళ్ల ఎడబాటును ముగించింది త్రిపుర అమ్మాయి దీపా కర్మాకర్. 1993లో అగర్తలాలో పుట్టింది. అరికాళ్లు చదునుగా ఉండే పాదాలు, అంటే పరిగెత్తి దూకే ఆటకు పనికిరాని పాదాలు. శిక్షకుడు బిశ్వేశ్వర్ నంది మొదటి రోజుల్లో పాత స్కూటర్ల విడిభాగాలతో స్ప్రింగ్‌బోర్డు లాంటిది తయారుచేసి సాధన చేయించాడు. అక్కణ్నుంచి ఆమె ప్రొడునోవా దాకా వెళ్లింది.

ఆ విన్యాసం ఏమిటో చెప్పాలి. 25 మీటర్ల పరుగుదారిలో పూర్తి వేగంతో పరిగెత్తి, స్ప్రింగ్‌బోర్డు మీద గెంతి, 1.25 మీటర్ల ఎత్తున్న వాల్ట్ టేబుల్ మీద చేతులు ఆనించి, గాల్లోకి లేచి ముందుకు రెండు పిల్లిమొగ్గలు వేసి పాదాల మీద దిగాలి. వెనక్కి తిరిగే విన్యాసాల్లో నేల ముందే కంటపడుతుంది. ఇందులో ముందుకు తిరుగుతూ దిగుతారు కాబట్టి పాదాలు తగిలేదాకా నేల కనబడదు. ఒక్క అరక్షణం లెక్క తప్పితే మెడ మీదో వెన్ను మీదో పడతారు. ప్రపంచంలో దీన్ని పోటీల్లో చేసి నిలబడిన ఆడవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 2014 గ్లాస్గో కామన్‌వెల్త్ క్రీడల్లో దీప దీంతోనే కాంస్యం గెలిచింది.

ఆమె ఒలింపిక్స్ దారి కూడా తిన్నగా సాగలేదు. 2015లో అదే గ్లాస్గోలో ప్రపంచ చాంపియన్‌షిప్ వాల్ట్ ఫైనల్లో ఐదో స్థానం. పతకం వచ్చి ఉంటే రియో టికెట్ నేరుగా దక్కేది, రెండు స్థానాల దూరంలో ఆగింది. తర్వాతి అవకాశం 2016 ఏప్రిల్‌లో రియోలోనే జరిగే ఆఖరి అర్హత పోటీ. తొలుత దానికి కూడా ఆమె పేరు రిజర్వు జాబితాలోనే ఉంది. పైవాళ్లు తప్పుకోవడంతో చోటు దొరికింది. అక్కడ 52.698 మార్కులు సాధించి, ఒలింపిక్స్‌కు అర్హత పొందిన తొలి భారత మహిళా జిమ్నాస్ట్ అయింది. ఆగస్టులో వాల్ట్ ఫైనల్‌కు ఎనిమిది మందిలో ఎనిమిదోదిగా చేరింది. ఫైనల్లో 15.066తో నాలుగో స్థానం. కాంస్యం గెలిచిన స్విట్జర్లాండ్ అమ్మాయి జూలియా స్టైన్‌గ్రూబర్‌కు 15.216. తేడా 0.150. ఆ రాత్రి దేశమంతా టీవీల ముందు మేలుకుంది. అప్పటిదాకా జిమ్నాస్టిక్స్ అంటే సర్కస్ అనుకున్నవాళ్లు కూడా మర్నాడు టీ కొట్ల దగ్గర ప్రొడునోవా గురించి మాట్లాడారు.

హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో బుద్దా అరుణారెడ్డి అప్పటికే ఏళ్లుగా సాధన చేస్తోంది. మొదట కరాటే అమ్మాయి. ఒంట్లోని ఆ సాగుడు, చురుకు చూసి తండ్రి నారాయణరెడ్డి జిమ్నాస్టిక్స్‌లో చేర్పించాడు. ఆయన 2010లో చనిపోయాడు. 2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో అరుణ వాల్ట్‌లో కాంస్యం గెలిచింది. మార్కులు 13.649. స్వర్ణం గెలిచిన స్లొవేనియా అమ్మాయికి 13.800, రజతం గెలిచిన ఆస్ట్రేలియా అమ్మాయికి 13.699. రజతానికీ ఆమెకూ తేడా 0.050 మాత్రమే. ప్రపంచ కప్‌లో వ్యక్తిగత పతకం సాధించిన తొలి భారత జిమ్నాస్ట్ ఆమే. ఆ పతకాన్ని తండ్రికి అంకితమిచ్చింది.

ఇక్కడ తేదీ చూడాలి. ప్రపంచ కప్ పోటీల ద్వారా టోక్యో ఒలింపిక్స్ అర్హత ఇచ్చే వరస 2018 నవంబరులో మొదలైంది. అరుణ పతకం ఫిబ్రవరిది. దారి తెరవడానికి తొమ్మిది నెలల ముందే ఆమె తన జీవితంలోకెల్లా గొప్ప వాల్ట్ చేసేసింది. ఆ దారి కూడా ఎంత ఇరుకంటే, ఒక్కో విభాగంలో వరస మొత్తానికి మొదటి స్థానంలో నిలిచిన ఒక్కరికే టికెట్. తర్వాత 2019లో మోకాలికి గాయం, శస్త్రచికిత్స. టోక్యో చెయ్యిజారింది. తిరిగి కోలుకుని 2021లో కైరోలో జరిగిన అంతర్జాతీయ పోటీలో వాల్ట్‌లోనూ ఫ్లోర్‌లోనూ స్వర్ణాలు గెలిచింది. అప్పటికి టోక్యో ముగిసి నెలలైంది.

టోక్యోకు భారత్ తరఫున వెళ్లింది పశ్చిమ మేదినీపూర్ జిల్లా పింగ్లా అమ్మాయి ప్రణతి నాయక్. బస్సు డ్రైవర్ కూతురు. ఆసియా చాంపియన్‌షిప్ కోవిడ్ వల్ల రద్దవడంతో 2019 ప్రపంచ పోటీల ఫలితాల ఆధారంగా ఆసియా కోటా పంచారు, రిజర్వులో ఉన్న ఆమెకు పిలుపు వచ్చింది. ఆమెకు సాధనకు దొరికింది రెండు నెలలే. అందినవాళ్లకు కూడా ఈ దారి ఎంత ఆలస్యంగా తెరుచుకుంటుందో చెప్పడానికి ప్రణతి చాలు.

దీపకు తర్వాతి ఏళ్లు గాయాలతో, మోకాలి శస్త్రచికిత్సలతో, 21 నెలల డోపింగ్ నిషేధంతో గడిచాయి. 2023లో తిరిగి వచ్చి ఆసియా క్రీడల ట్రయల్స్‌లో మొదటి స్థానంలో నిలిచింది, కానీ ప్రభుత్వం పెట్టిన ఎంపిక ప్రమాణాలకు తూగలేదని పేరు తీసేశారు. ఏడాదికి పైగా అంతర్జాతీయ పోటీల్లో లేని మనిషి దగ్గర ఏడాది లోపలి మార్కులు ఎక్కడుంటాయి? ఆ నిర్ణయం పద్ధతి ప్రకారం సరైనదే కావచ్చు, ఆటగాళ్లను అర్థం చేసుకున్న నిర్ణయం మాత్రం కాదు.

2024 మే నెలలో తాష్కెంట్‌లో ఆసియా చాంపియన్‌షిప్. పారిస్‌కు మిగిలిన ఆఖరి గుమ్మం అదే. ఆడవాళ్లలో ఆసియాకు ఒక్క చోటు, అది కూడా ఆల్‌రౌండ్ మార్కుల మీద ఇచ్చేది. అంటే వాల్ట్, అన్‌ఈవెన్ బార్స్, బీమ్, ఫ్లోర్ నాలుగూ ఆడి, నాలుగింటి మొత్తం తేవాలి. 1992 ఉమ్మడి జట్టులోని చుసోవితినా, ఎనిమిది ఒలింపిక్స్ ఆడిన మనిషి, తన సొంత దేశంలో తొమ్మిదో ఒలింపిక్స్ కోసం ఇదే పోటీకి సిద్ధపడింది. 48 ఏళ్ల వయసులో. గాయం వల్ల దిగలేకపోయింది. దీప ఆల్‌రౌండ్‌లో 46.166 మార్కులతో 16వ స్థానంలో నిలిచింది. పారిస్ తలుపు మూసుకుంది. మే 26న వాల్ట్ ఫైనల్లో అదే దీప 13.566తో స్వర్ణం గెలిచింది. ఆసియా చాంపియన్‌షిప్‌లో ఏ భారత జిమ్నాస్టూ అంతకుముందు గెలవని స్వర్ణం. ఒకే పోటీలో ఆసియా చాంపియన్ కూడా అయింది, ఒలింపిక్స్‌కు అనర్హురాలు కూడా అయింది.

మరి ఆ ఒక్క చోటు ఎవరికి దక్కింది? ఫిలిప్పీన్స్ తరఫున ఆడిన ఎమ్మా మలబుయోకు. మూడేళ్ల కిందట జపాన్ శిబిరంలో అమెరికా స్టాండ్‌బైగా ఎదురుచూస్తూ కూర్చున్న అమ్మాయే. తన కుటుంబ మూలాలున్న దేశం జెండా కింద ఆల్‌రౌండ్ కాంస్యం గెలిచి పారిస్ వెళ్లింది. ఆమె గెలుపు న్యాయమైనది, నాలుగు విభాగాల్లోనూ ఆడి తెచ్చుకున్నది. దీప 2024 అక్టోబరులో రిటైరయింది.

దీప, అరుణ, ప్రణతి ముగ్గురినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వాళ్ల పెద్ద పతకాలన్నీ వాల్ట్‌లోవే. కారణం కూడా దాచినదేమీ కాదు. వాల్ట్‌కు పరుగుదారి, స్ప్రింగ్‌బోర్డు, టేబుల్, మ్యాట్‌లు ఉంటే మొదలుపెట్టవచ్చు. కాళ్ల బలం, ధైర్యం ఉన్న పిల్ల కొన్నేళ్లలో పైకొస్తుంది. అన్‌ఈవెన్ బార్స్‌కు అలా కుదరదు. చేతి పట్టు వదిలి గాల్లో తిరిగి మళ్లీ పట్టుకునే విన్యాసాలు నేర్చుకోవాలంటే నురుగు ముక్కలతో నింపిన గొయ్యి కావాలి, ఎన్ని వందలసార్లు పడినా దెబ్బ తగలకుండా. బీమ్ వెడల్పు 10 సెంటీమీటర్లు, దాని మీద తొంభై సెకన్లు నిలబడి తిరగడం ఆరేడేళ్ల వయసులోనే ఒంటికి పట్టాలి. ఆ వయసులో చేతికందే పరికరాలు మన జిల్లా కేంద్రాల్లో చాలా తక్కువ. తాష్కెంట్‌లో ఒలింపిక్స్ కోటా మాత్రం నాలుగింటి మొత్తానికే ఇచ్చారు. ఒక విభాగంలో ఆసియా చాంపియన్‌ను తయారుచేసి, మిగతా మూడింట్లో ఆమెను ఒంటరిగా వదిలేశాం.

హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటున్న పిల్లల తల్లిదండ్రులు, వాళ్ల శిక్షకులు, రెండు రాష్ట్రాల క్రీడా ప్రాధికార సంస్థల అధికారులు ఈ లెక్కను తాష్కెంట్ ఫలితాల పట్టికలోనే చూడవచ్చు. వచ్చే బడ్జెట్‌లో జిమ్నాస్టిక్స్‌కు ఎంత కేటాయించినా, అందులో మొదటి రూపాయి అన్‌ఈవెన్ బార్స్‌కు, ఫోమ్ గొయ్యికి, చిన్నపిల్లల ఎత్తుకు సరిపడే బీమ్‌లకు ఖర్చుపెట్టండి.